ఖాళీగా ఉన్న చోటే ఎక్కువ పని: లిథోగ్రాఫ్‌పై అపోహలు - వాస్తవాలు

అపోహ: "రెండు నల్ల పట్టీలు, మిగతాదంతా తెల్ల కాగితం. ఇందులో కష్టమేముందన్నా?"

మాదాపూర్‌లో నా లిథోగ్రాఫ్ ప్రింట్లు, అంటే రాతి మీద గీసి కాగితం మీదికి తీసిన అచ్చులు, ప్రదర్శనకు పెట్టినప్పుడల్లా వినే మాట ఇది. రాయి మీద నలుపు వేయడం తేలికే. తెలుపును తెలుపుగా నిలబెట్టడమే కష్టం. నూనెకూ నీళ్ళకూ పడదన్న ఒక్క సంగతి మీదే లిథోగ్రఫీ అంతా నడుస్తుంది. నున్నగా నూరిన సున్నపురాయి మీద జిడ్డు క్రేయాన్‌తో గీస్తాం. తుమ్మ జిగురులో కొన్ని చుక్కల నైట్రిక్ ఆమ్లం కలిపి పూస్తాం. ఆపైన రాయిని స్పాంజితో తడిపి రోలర్ తిప్పితే, జిడ్డున్న చోట ఇంకు పడుతుంది, తడి ఉన్న చోట అంటదు. ప్రతి కాగితానికీ ముందు ఆ ఖాళీని మళ్ళీ తడపాల్సిందే.

ఓసారి గీస్తూ గీస్తూ రాయికి బొటనవేలు ఆనించాను. కంటికేమీ కనబడలేదు. మొదటి ప్రూఫ్ (పరీక్ష అచ్చు) తీసేసరికి తెల్లటి చోట నట్టనడుమ వేలిముద్ర, గీతగీతా లెక్కపెట్టేలా. కిక్కిరిసిన బొమ్మయితే ఎక్కడో కలిసిపోయేది. రెండు పట్టీల మధ్య ఎక్కడ దాక్కుంటుంది? మొత్తం రాయి మళ్ళీ నూరాను.

అపోహ: ఏదో గూఢార్థం ఉంది, మనకే అందట్లేదు.

ఇలా కళను అతి తక్కువ రూపాలకు కుదించిన మినిమలిస్టులు వద్దనుకున్నది సరిగ్గా దీన్నే. 1960లలో న్యూయార్క్‌లో డొనాల్డ్ జడ్, ఫ్రాంక్ స్టెల్లా లాంటివాళ్ళు కళ ఇంకో వస్తువుకు బొమ్మగా, గుర్తుగా ఉండక్కర్లేదన్నారు. కొలత, అంచు, రంగు, పదార్థం, అంతే. కంటికి కనబడేదే అందులో ఉన్నది అన్నాడు స్టెల్లా. వాళ్ళకి ముందుతరం వాడైన బార్నెట్ న్యూమన్ 1963-64లో '18 కాంటోస్' అనే లిథోగ్రాఫ్‌ల వరస చేశాడు. వాటిలో చుట్టూ వదిలిన తెల్ల అంచు కూడా ఒక్కో ప్రింటుకు ఒక్కో కొలత. అది నాకు చాలా ఇష్టమైన సంగతి. కాబట్టి "ఇదేమిటి?" అని అడిగే ముందు, ఆ నలుపు కాగితం చివరికి ఎంత దూరంలో ఆగిందో చూడండి. ఒక్క నిమిషం చాలు.

అపోహ: ఇదంతా పరాయి సరుకు.

పద్ధతిని కనిపెట్టిన సెనెఫెల్డర్ జర్మన్ దేశస్థుడే, నిజం. కానీ రవివర్మ 1894లో బొంబాయిలో పెట్టిన ప్రెస్ నుంచి మన పూజగదుల్లోకి వచ్చిన లక్ష్మి, సరస్వతి పటాలు రాతి అచ్చులే. మన హైదరాబాదులో ఉర్దూ కాతిబులు (చేతిరాత లేఖకులు) జిడ్డు సిరాతో రాసిన రాత కూడా రాయి మీదికెక్కాకే పుస్తకమయ్యేది. ఇక తక్కువ గీతలతో బొమ్మ నిలబెట్టడమంటారా, బరోడాలో పాఠాలు చెప్పిన చిత్రకారిణి నస్రీన్ మొహమ్మదీ (1937-1990) గీతలు చూడండి.

అపోహ: ప్రింటే కదా, జిరాక్స్ లాంటిది.

కింద పెన్సిల్‌తో 7/20 అని ఉంటే ఆ ఎడిషన్‌లో ఇరవై ప్రింట్లున్నాయనీ, ఇది ఏడోదనీ అర్థం. ఒక్కోటీ చేత్తో తడిపి, ఇంకు పట్టించి తీసిందే. పని అయ్యాక అదే రాయి మీద కార్బొరండం అనే గరుకు పొడి, నీళ్ళు పోసి నూరేస్తాం. ఇరవై ఒకటో ప్రింటు కావాలన్నా, తీయడానికి రాయి మీద బొమ్మ ఉండదు.