అభ్యర్థి ఊరు చూడాలా, భావాలు చూడాలా

నెల్లూరు జిల్లా వెంకటాచలం మండలానికి ఒక విశేషం ఉంది. సర్వేపల్లి అక్కడే ఉంది, చవటపాళెం కూడా అక్కడే ఉంది. మొదటి ఊరి పేరు దేశపు తొలి ఉపరాష్ట్రపతికి ఇంటిపేరు. డాక్టర్ రాధాకృష్ణన్ పుట్టింది తిరుత్తణిలోనే అయినా పూర్వీకుల మూలం ఈ సర్వేపల్లి. రెండోది ముప్పవరపు వెంకయ్యనాయుడు పుట్టిన ఊరు. ఇద్దరు ఉపరాష్ట్రపతులను మావాళ్ళేనని చెప్పుకోగల మండలం దేశంలో ఇంకోటి ఉంటుందనుకోను.

అలాంటి చోటి నుంచి చూస్తే 2025 సెప్టెంబర్ 9న జరిగిన ఉపరాష్ట్రపతి ఎన్నిక కాస్త వింతగానే కనిపిస్తుంది. పోటీలో తెలుగువాడున్నాడు, ప్రతిపక్షాలు నిలబెట్టిన సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తి జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి. ఆయన స్వగ్రామం ఆకుల మైలారం కందుకూరు మండలంలోది. అది మన కందుకూరు కాదు, రంగారెడ్డి జిల్లా కందుకూరు. ఆంధ్రప్రదేశ్ నుంచి లోక్‌సభలో ఉన్న 25 మంది ఏ పార్టీలవారో చూస్తే తెలుగుదేశం, వైసీపీ, జనసేన, బీజేపీ. ఈ నాలుగూ ఆయనకు ఎదురుగా నిలిచిన ఎన్డీఏ తమిళ అభ్యర్థి సి.పి. రాధాకృష్ణన్ వైపే ఉన్నాయి. అంతకు ఎనిమిదేళ్ళ ముందు ఇవే పార్టీల దగ్గర తెలుగువాడన్న మాట ఎంత బలంగా పనిచేసిందో గుర్తున్నవాళ్ళకు ఇది మింగుడుపడలేదు.

రాజ్యాంగం 66వ అధికరణం ప్రకారం ఈ ఎన్నికలో ఓటు పార్లమెంటు ఉభయసభల సభ్యులదే, అసెంబ్లీలకు పాత్ర లేదు. బ్యాలెట్ రహస్యం. పార్టీలు విప్ జారీ చెయ్యడానికి లేదు. అభ్యర్థికి 35 ఏళ్ళు నిండాలి, రాజ్యసభకు ఎన్నికయ్యే అర్హత ఉండాలి. భావాల గురించి రాజ్యాంగం ఏమీ అనదు. ఆ పని పార్టీలకు వదిలేసింది. పార్టీలు దాన్ని వీలునుబట్టి చేస్తూ వచ్చాయి.

1952లో ఆ పని పడలేదు, రాధాకృష్ణన్ ఏకగ్రీవం. 1957లోనూ అంతే. ఆయన రాజ్యసభ ఛైర్మన్ స్థానంలో కూర్చున్న తొలి రోజుల్లో ఎదుటి బల్లల మీద కమ్యూనిస్టు సభ్యులకు నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య. ఆయనదీ నెల్లూరు జిల్లానే, అలగానిపాడు. భావాల్లో ఇద్దరూ ఉత్తర దక్షిణాలు.

భావాల గొడవ పతాకస్థాయికి వెళ్ళింది 1969లో. అది రాష్ట్రపతి ఎన్నికే కానీ కథ మొదలైంది ఉపరాష్ట్రపతి కార్యాలయంలో. జాకీర్ హుస్సేన్ మరణంతో తాత్కాలిక రాష్ట్రపతి అయిన ఉపరాష్ట్రపతి వి.వి. గిరి రాజీనామా చేసి స్వతంత్రంగా నిలబడ్డారు. కాంగ్రెస్ అధికారిక అభ్యర్థి నీలం సంజీవరెడ్డి. ఇద్దరూ తెలుగువాళ్ళే కాబట్టి ప్రాంతం గోల లేదు. సంజీవరెడ్డి కోసం కాంగ్రెస్ అధ్యక్షుడు నిజలింగప్ప మితవాద పార్టీలైన స్వతంత్ర పార్టీనీ జనసంఘాన్నీ మద్దతు అడగడం ఇందిరాగాంధీ వర్గానికి ఆయుధమైంది. సొంత పార్టీ అభ్యర్థికే వెయ్యండని ఆమె చెప్పలేదు, అంతరాత్మ ప్రబోధం మేరకు ఓటెయ్యమన్నారు. రెండో ప్రాధాన్య ఓట్ల లెక్కింపుతో గిరి గెలిచారు. అదే సంజీవరెడ్డి 1977లో ఏకగ్రీవంగా రాష్ట్రపతి అయ్యారు. ఎనిమిదేళ్ళలో ఆయన భావాలు మారాయా, లెక్కలు మారాయా అంటే లెక్కలే అని నా ఉద్దేశం.

తర్వాతి దశాబ్దాల్లో చాలా ఉపరాష్ట్రపతి ఎన్నికలు పేరుకే పోటీ. 1992లో కె.ఆర్. నారాయణన్‌కు 700 ఓట్లు వస్తే ప్రత్యర్థికి వచ్చింది ఒక్కటి. 2012 మాత్రం చెప్పుకోదగ్గది. జిన్నా మీద రాసిన పుస్తకానికి 2009లో జశ్వంత్ సింగ్‌ను బీజేపీ బహిష్కరించింది. మరుసటి ఏడాది వెనక్కి తీసుకుంది. ఇంకో రెండేళ్ళకు ఆయననే హమీద్ అన్సారీ మీద ఉపరాష్ట్రపతి అభ్యర్థిగా నిలబెట్టింది.

ఇక 2017. బీజేపీ వెంకయ్యనాయుడి పేరు ప్రకటించేలోపే పద్దెనిమిది ప్రతిపక్ష పార్టీలు గోపాలకృష్ణ గాంధీని ఎంచుకున్నాయి. మహాత్ముడికీ రాజాజీకీ మనవడు, బెంగాల్ మాజీ గవర్నర్. ముంబై పేలుళ్ళ కేసు దోషి యాకూబ్ మెమన్‌ను ఉరి తియ్యొద్దని 2015లో రాష్ట్రపతికి లేఖ రాసినవాడు ఉపరాష్ట్రపతి ఎలా అవుతాడని శివసేన ఎంపీ సంజయ్ రౌత్ లేచారు. ఉరిశిక్షకే తాను వ్యతిరేకినని, ఆ మాటలో గాంధీ, అంబేడ్కర్ల దారినే నడుస్తున్నానని గోపాలకృష్ణ గాంధీ జవాబు. ఇందులో ఇంకో మెలిక ఉంది. 2007లో బెంగాల్ వామపక్ష ప్రభుత్వ పోలీసులు నందిగ్రామ్‌లో జరిపిన కాల్పులను గవర్నర్‌గా బాహాటంగా తప్పుపట్టి వామపక్షాల కోపానికి గురైంది ఈయనే. పదేళ్ళకు అవే వామపక్షాలు ఆయన వెనుక నిలబడ్డాయి.

మన జిల్లాల్లో ఈ గొడవ దాదాపు వినబడలేదు. విద్యార్థి పరిషత్, జై ఆంధ్ర ఉద్యమం, ఎమర్జెన్సీ జైలు, 1978లోనూ 1983లోనూ ఉదయగిరి ఎమ్మెల్యే, పార్టీ జాతీయ అధ్యక్షుడు, కేంద్రమంత్రి. వెంకయ్య రాజకీయం ఎటువైపో ఎవరికీ కొత్తగా చెప్పనక్కర్లేదు. అభ్యంతరం పెట్టాలంటే చేతిలో సరుకూ ఉంది. 2014 ఫిబ్రవరి 20న రాజ్యసభలో మన్మోహన్ సింగ్ అయిదేళ్ళ ప్రత్యేక హోదా అన్నప్పుడు పదేళ్ళు కావాలన్నది ఈయన. 2016 సెప్టెంబర్‌లో హోదా బదులు ప్యాకేజీ వచ్చినప్పుడు దాన్ని సమర్థించిందీ ఈయనే. అయినా తెలుగుదేశం, వైసీపీ, టీఆర్ఎస్ పోటీపడి మద్దతు పలికాయి. అప్పటి నెల్లూరు ఎంపీ మేకపాటి రాజమోహన్ రెడ్డి, ఒంగోలు ఎంపీ వై.వి. సుబ్బారెడ్డి ఇద్దరూ వైసీపీవాళ్ళే. వెంకయ్య 516, గాంధీ 244. ఎనిమిది నెలలకే అదే హోదా కోసం ఆ ఇద్దరూ లోక్‌సభకు రాజీనామా చేశారు. తెలుగుదేశం ఎన్డీఏ నుంచి బయటికి వచ్చింది. 2019 జూన్‌లో నలుగురు తెలుగుదేశం రాజ్యసభ సభ్యులు బీజేపీలో కలిస్తే ఆ విలీనాన్ని ఆమోదించింది ఛైర్మన్ హోదాలో ఉన్న వెంకయ్యనాయుడే. ఊరు చూసి వేసిన ఓటు భావాల దగ్గర ఎవరినీ కాపాడదని అప్పుడు తేలింది.

2025లో జగదీప్ ధన్‌ఖడ్ జూలై 21న రాజీనామా చెయ్యడంతో ఎన్నిక ముందే వచ్చింది. సుదర్శన్ రెడ్డి పేరు రాగానే తవ్వి తీసింది సల్వాజుడుం మీద 2011 జూలై 5 నాటి తీర్పు. ఛత్తీస్‌గఢ్‌లో మావోయిస్టులకు ఎదురుగా ఆదివాసీలతో కూర్చిన సాయుధ దళం అది. అయిదో తరగతి చదివితే చాలని ఆదివాసీ యువకులను నెలకు 3,000 రూపాయల మీద ప్రత్యేక పోలీసు అధికారులుగా తీసుకుని, తుపాకులిచ్చి మావోయిస్టుల మీదికి పంపడం రాజ్యాంగ విరుద్ధమని జస్టిస్ నిజ్జర్‌తో కలిసి ఆయన తీర్పిచ్చారు. ఆ తీర్పే లేకుంటే నక్సలిజం 2020 నాటికే ముగిసేదని కేంద్ర హోంమంత్రి అమిత్ షా కేరళలో అన్నారు. అది తన సొంత తీర్పు కాదు, సుప్రీంకోర్టుది, చదివి మాట్లాడాలి అని సుదర్శన్ రెడ్డి బదులిచ్చారు. మాజీ న్యాయమూర్తులు కూడా రెండుగా చీలి ప్రకటనలు ఇచ్చారు. తీర్పు వచ్చిన నాడు కేంద్రంలో ఉన్నది కాంగ్రెస్ ప్రభుత్వం, ఛత్తీస్‌గఢ్‌లో ఉన్నది బీజేపీ ప్రభుత్వం. సల్వాజుడుం నడిపిన మహేంద్ర కర్మదీ కాంగ్రెస్సే. అంటే ఆ తీర్పు దెబ్బ తగిలినవాళ్ళలో ఒకరు ఆయన్ను అభ్యర్థిని చేశారు, ఇంకొకరు అదే తీర్పును పట్టుకుని ఆయన్ను వ్యతిరేకించారు.

నక్సలైట్లకు మేలు చేశాడన్న మాట ఢిల్లీలో ఒక ఆరోపణ కావొచ్చు. ఒంగోలులో దానికి బరువెక్కువ. 1995 డిసెంబర్ 1న అప్పటి ఎంపీ మాగుంట సుబ్బరామిరెడ్డిని నక్సలైట్లు కాల్చి చంపింది ఆ ఊళ్ళోనే. 2007 సెప్టెంబర్‌లో మాజీ ముఖ్యమంత్రి నేదురుమల్లి జనార్దనరెడ్డి కాన్వాయ్ మీద నెల్లూరు జిల్లాలో మందుపాతర పేలి ముగ్గురు పోయారు. ఇప్పటి ఒంగోలు ఎంపీ మాగుంట శ్రీనివాసులురెడ్డి సుబ్బరామిరెడ్డి తమ్ముడు. ఈ జిల్లాల్లో ఎవరైనా ఆ ఆరోపణ విని తటపటాయిస్తే తప్పుపట్టలేం. కానీ చేతికి తుపాకీ ఇచ్చే అధికారం ప్రభుత్వానికి ఎంతవరకు ఉందన్న ప్రశ్నకు న్యాయమూర్తి ఇచ్చిన జవాబును ఆయన రాజకీయంగా లెక్కగట్టడం వేరే సంగతి. ఆయన భావాలతోనే పేచీ అయితే పదవీ విరమణ తర్వాత మాట్లాడినవి ఉన్నాయి, తెలంగాణ కులసర్వే నిపుణుల బృందానికి అధ్యక్షత వహించడం ఉంది. వాటిని పట్టుకుని వాదించి ఉంటే నిజాయతీగా ఉండేది.

విచిత్రమేమంటే ఆంధ్ర పార్టీలు ఈ వాదనలోకే దిగలేదు. కూటమిలో ఉన్నాం కాబట్టి అన్నది తెలుగుదేశం, ముందే మాటిచ్చాం అన్నది వైసీపీ. 1991లో పి.వి. నరసింహారావు నంద్యాలలో నిలబడితే ఎన్టీఆర్ అభ్యర్థిని పెట్టలేదు కదా అని తెలంగాణ ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి గుర్తుచేసినా ఫలితం లేదు. బీఆర్ఎస్ యూరియా కొరతను కారణం చూపి ఓటింగుకే రాలేదు. అటు తమిళనాడులో అప్పుడు అధికారంలో ఉన్న డీఎంకే మాత్రం సంఘ్ నేపథ్యం ఉన్న తమిళుణ్ణి కాదని తెలుగాయన వైపు నిలబడింది, కారణం భావాలేనని బాహాటంగా చెప్పింది.

సి.పి. రాధాకృష్ణన్‌కు 452, సుదర్శన్ రెడ్డికి 300. పదిహేను ఓట్లు చెల్లలేదు. తమవాళ్ళు 315 మందీ వచ్చి ఓటేశారని కాంగ్రెస్ సాయంత్రమే ప్రకటించుకుంది. లెక్క తేలాక ఆ తేడా ఎవరిదని ప్రతిపక్ష పార్టీలు ఒకరినొకరు అనుమానంగా చూసుకున్నాయి. రహస్య బ్యాలెట్ కదా, తేలే దారి లేదు.