సొంత పాత విమానం: హ్యాంగర్‌లో రోజూ వినే అపోహలు, వాస్తవాలు

హ్యూస్టన్‌కు దక్షిణంగా, సముద్రపు గాలి తగిలేంత దూరంలో ఉన్న ఒక చిన్న విమానాశ్రయంలో నేను మెకానిక్‌గా పనిచేస్తున్నాను. ఏటా జరగాల్సిన తనిఖీ పూర్తయ్యాక సంతకం పెట్టే అధికారం కూడా ఉంది. పదేళ్ల క్రితం నా దగ్గరికి వచ్చే తెలుగువాళ్లు ఒకరో ఇద్దరో. ఇప్పుడు డాలస్ నుంచి, ఆస్టిన్ నుంచి కూడా ఫోన్లు వస్తున్నాయి. ఉద్యోగం చేసుకుంటూనే పైలట్ లైసెన్సు తెచ్చుకుని, ముగ్గురు నలుగురు స్నేహితులు డబ్బు కలిపి, నలుగురు కూర్చునే చిన్న విమానం, పాత సెస్నా 172 కొంటున్నారు. సెస్నా కంపెనీ ఈ తరహా విమానాల తయారీని 1986లో ఆపేసి, మళ్లీ 1996లో గానీ మొదలుపెట్టలేదు. కాబట్టి మామూలు ఉద్యోగస్తులకు అందే ధరలో దొరికేవి దాదాపు అన్నీ నలభై ఏళ్లు దాటినవే.

వాళ్లు అడిగే ప్రశ్నల్లో చాలావరకు కారు అనుభవం నుంచి పుట్టినవి. కారుతో నేర్చుకున్నది విమానం దగ్గర చాలాసార్లు తప్పుదారి పట్టిస్తుంది. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: యాభై ఏళ్ల విమానం ఎక్కడమంటే ప్రాణాలతో చెలగాటమే

ఇంట్లో పెద్దవాళ్లు మొదట అనేది ఇదే. కారును ఇరవై ఏళ్లపాటు ఎవరూ విప్పి చూడకపోయినా అది నడుస్తూనే ఉంటుంది. విమానాన్ని మాత్రం పన్నెండు నెలలకోసారి విప్పి తీరాలి. సీట్లు, నేల మీది తివాచీ, ఇంజన్ మూతలు, రెక్కల కింది చిన్న చిన్న పలకలు అన్నీ తీసి, టార్చి, అద్దం పట్టుకుని లోపల చూస్తాం. ఒక విమానంలో బయటపడిన లోపం ఆ రకం విమానాలన్నిటిలోనూ ఉండొచ్చనిపిస్తే అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ తప్పనిసరి ఆదేశం జారీచేస్తుంది. దాన్నే మేం ఏడీ అంటాం.

2018 ఏప్రిల్‌లో ఫ్లోరిడాలోని డేటోనా బీచ్ దగ్గర ఒక పైపర్ యారో విమానం రెక్క గాలిలోనే ఊడిపోయి ఇద్దరు చనిపోయారు. ఆ విమానం 2007లో తయారైంది, అంటే అప్పటికి పదకొండేళ్లది. శిక్షణలో పదే పదే దిగుతూ లేస్తూ 7,600 గంటలకు పైగా తిరిగింది. రెక్కను మోసే ప్రధాన దూలం, అంటే స్పార్, లోహం అలసి పగిలింది. తయారైన సంవత్సరాన్ని బట్టి ఆ పగులును ఎవరూ ఊహించలేరు.

పాత విమానంలో నేను నిజంగా భయపడేది తుప్పుకే. ఆ కాలపు సెస్నాల్లో చాలావాటికి అల్యూమినియం రేకుల లోపలివైపు ప్రైమర్ పూత లేదు. మాది కాకినాడ. సముద్రపు గాలికి కిటికీ ఊచలు ఎలా పొరలు పొరలుగా లేస్తాయో చిన్నప్పటి నుంచి చూసినవాణ్ని. అల్యూమినియం అలా ఎర్రగా తుప్పు పట్టదు, తెల్లటి పొడి రాలుతుంది. తోక లోపల, తివాచీ కింద, రేకుకు అతికించిన దూది పొరల వెనుక వెతకండి. పైన రంగు ఎంత మెరుస్తున్నా దాన్ని చూసి కొనకండి.

అపోహ: ఇంజన్ తక్కువ గంటలు తిరిగిందంటే మంచి బేరం

ఈ ఒక్క నమ్మకం వల్ల నష్టపోయినన్ని కుటుంబాలు మరే కారణంగానూ నష్టపోలేదు. కిందటి ఏడాది ఒక కుర్రాడు 1975 నాటి 172 కొని తెచ్చాడు. "అన్నయ్యా, ఓవర్‌హాల్ తర్వాత 320 గంటలే తిరిగింది, కొత్తదాని కింద లెక్క" అన్నాడు. విమానం రికార్డు పుస్తకం, అంటే లాగ్‌బుక్, తిరగేస్తే ఓవర్‌హాల్ (ఇంజన్‌ను పూర్తిగా విప్పి బాగుచేయడం) జరిగింది 1998లో. అంటే ఏడాదికి దాదాపు పన్నెండు గంటలే ఎగిరింది.

ఆయిల్ ఫిల్టర్ విప్పి డబ్బా కోసి, లోపలి కాగితపు మడతలను బల్ల మీద పరిచాను. ఎండలో పెట్టగానే మడతల నిండా సన్నటి మెరుపు. అయస్కాంతం దగ్గరకు తెస్తే ఆ మెరుపంతా మీసంలా లేచి నిలబడింది. అది ఉక్కు. సిలిండర్ ఒకటి తీసి చూస్తే వాల్వ్‌లను తెరిపించే ఇరుసు, అంటే క్యామ్‌షాఫ్ట్, మీది ఎత్తులు అరిగి, అవి నెట్టే ట్యాపెట్ల ముఖాల మీద గుంటలు పడి ఉన్నాయి.

కారణం ఇదీ. ఈ 172లో ఉన్నది లైకమింగ్ కంపెనీ ఇంజన్. లైకమింగ్ ఇంజన్లలో క్యామ్‌షాఫ్ట్ క్రాంక్‌షాఫ్ట్‌కు, అంటే ప్రొపెల్లర్‌ను తిప్పే ఇరుసుకు, పైన ఉంటుంది. ఇంజన్ ఆగాక ఆయిల్ అంతా కిందికి జారిపోతుంది. వారాలు గడిచేకొద్దీ క్యామ్ మీద పొర పలచబడి, తేమ తగిలి, కంటికి ఆనని తుప్పు పడుతుంది. మళ్లీ స్టార్ట్ చేసిన రోజున ఆ తుప్పే గరుకు కాగితంలా పనిచేస్తుంది. కాంటినెంటల్ అనే మరో కంపెనీ ఇంజన్లు చాలావాటిలో క్యామ్‌షాఫ్ట్ కింద ఉంటుంది కాబట్టి వాటికి ఈ బాధ కొంత తక్కువ.

"వారానికోసారి పది నిమిషాలు నేల మీదే నడిపేవాడినండీ" అని అమ్మినాయన ఎంతో నిజాయతీగా చెప్పాడట. ఆ పది నిమిషాలే ఎక్కువ చెరుపు చేశాయి. పెట్రోలు మండినప్పుడు నీరు పుడుతుంది, కొంత ఆయిల్‌లోకి చేరుతుంది. అది ఆవిరై పోవాలంటే ఆయిల్ బాగా కాగాలి. లైకమింగ్ చెప్పేది, ముప్పై రోజులు దాటకుండా కనీసం గంటసేపు, ఆయిల్ 74 నుంచి 93 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండేలా ఎగరాలని. నేల మీద అంత వేడి నిలకడగా రాదు. ప్రొపెల్లర్‌ను చేత్తో నాలుగు చుట్లు తిప్పితే ఆయిల్ పాకుతుందన్నది కూడా తప్పు. సిలిండర్ గోడల మీద మిగిలిన కాస్త పొరను అది తుడిచేస్తుంది.

ఎగరడం కుదరకపోతే కదపకుండా వదిలేయండి. నెలలపాటు కుదరదనుకుంటే నిల్వ ఉంచే ఇంజన్ల కోసం చేసిన ప్రత్యేక ఆయిల్ పోసి, తేమ పీల్చే ప్లగ్గులు బిగించమని అడగండి.

అపోహ: 2,000 గంటలు దాటిన ఇంజన్ చట్టరీత్యా పనికిరాదు

చాలా పాత 172ల్లో ఉండే ఓ-320 ఇంజన్‌కు లైకమింగ్ ఇచ్చిన ఓవర్‌హాల్ గడువు 2,000 గంటలు లేదా 12 సంవత్సరాలు. సొంత అవసరానికి ఎగిరేవారికి అది సిఫారసు మాత్రమే. ఆయిల్ ఖర్చు, ఫిల్టర్‌లో దొరికేది, సిలిండర్ లోపలి రూపం బాగుంటే ఇంజన్‌ను కొనసాగించవచ్చు. 2,200 గంటలు తిరిగిన, వారం వారం ఎగిరే ఇంజన్ ఉన్న విమానంలో మా పిల్లలను ఎక్కిస్తాను. పైన చెప్పిన 320 గంటల ఇంజన్‌తో నేనే ఎక్కను.

అపోహ: కంప్రెషన్ తగ్గింది, సిలిండర్ మార్చాల్సిందే

వేడి ఇంజన్ సిలిండర్‌లోకి 80 పీఎస్‌ఐ ఒత్తిడితో గాలి పంపి, ఎంత నిలుస్తుందో చూసేది కంప్రెషన్ పరీక్ష. 80కి 72 వస్తే సంతోషం. 58 వచ్చిందనగానే యజమాని ముఖం వాడిపోతుంది, కొందరు మెకానిక్‌లు వెంటనే పానాలు తీస్తారు.

మొదట వినాలి. గాలి ఎక్కడి నుంచి బుస కొడుతోంది? ఎగ్జాస్ట్ గొట్టంలోంచి వస్తే ఎగ్జాస్ట్ వాల్వ్. కార్బ్యురేటర్ దగ్గర వినిపిస్తే ఇన్‌టేక్ వాల్వ్. ఆయిల్ పోసే మూత తీసి చెవి పెడితే అక్కడ వినిపించేది పిస్టన్ రింగుల నుంచి. రింగుల నుంచైతే చాలాసార్లు గంటసేపు ఎగిరి వచ్చి మళ్లీ కొలిస్తే అంకె మారిపోతుంది. రింగుల అంచులు కదిలి సర్దుకుంటాయి.

తర్వాత స్పార్క్ ప్లగ్ రంధ్రంలోంచి బోర్‌స్కోప్, అంటే సన్నటి గొట్టం లాంటి కెమెరా, పంపి చూడాలి. మంచి ఎగ్జాస్ట్ వాల్వ్ ముఖం పెనం మీద సమంగా కాలిన అట్టులా ఉంటుంది, మధ్యలో ఒక రంగు, చుట్టూ గుండ్రంగా మరో రంగు. కాలిపోతున్న వాల్వ్ ఒక పక్క మాడిన అట్టు. అంచున ఒకచోట రంగు మారి, ఆ గుండ్రం చెదిరిపోతుంది. అలా కనిపిస్తే ఆలస్యం చేయకండి. 70 వచ్చినా సరే, ఆ వాల్వ్ విరిగే దారిలో ఉంది.

సిలిండర్ తీయడం చిన్న పని కాదు. ఇంజన్ రెండు భాగాలనూ పట్టి ఉంచే పొడవాటి బోల్టుల బిగువు అప్పుడు సడలుతుంది. తిరిగి బిగించడంలో తేడా వస్తే లోపలి బేరింగులు కదులుతాయి. అక్కర్లేని సిలిండర్ తీయడం లేని జబ్బును తెచ్చుకోవడమే.

అపోహ: యామ్మీటర్ ముల్లు ఊగుతోంది, ఆల్టర్నేటర్ పోయింది

1974 నాటి ఒక 172. కరెంటు కొలిచే యామ్మీటర్ ముల్లు గడియారపు లోలకంలా అటూ ఇటూ ఊగుతుంది, ల్యాండింగ్ లైటు వేస్తే ఇంకా ఎక్కువ. యజమాని వేరేచోట కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ మార్పించాడు. ఊపు తగ్గలేదు. వోల్టేజ్ రెగ్యులేటర్ మార్పించాడు. అదే ఊపు. రెండు నెలలు, రెండు బిల్లులు. ఆయన నా దగ్గరికి వచ్చేసరికి విమానం అమ్మేద్దామనే ఆలోచనలో ఉన్నాడు.

ఇంజన్ ఆపి, మాస్టర్ స్విచ్ వేసి, మల్టీమీటర్ పట్టుకుని కూర్చున్నాం. అన్నిటికీ కరెంటు పంచే పట్టీ, అంటే బస్‌బార్, దగ్గర 12.2 వోల్టులు. అక్కడి నుంచి బయలుదేరిన తీగ బ్రేకర్, మాస్టర్ స్విచ్‌లోని ఆల్టర్నేటర్ సగం, ఓవర్‌వోల్టేజ్ సెన్సర్ దాటి రెగ్యులేటర్‌కు చేరేసరికి 11.1. దారిలో ఒక వోల్టుకు పైగా మాయమైంది. రెగ్యులేటర్ ఆ తీగ మీద వచ్చేదాన్నే చూసి ఎంత కరెంటు కావాలో నిర్ణయిస్తుంది. తక్కువ కనిపించగానే ఆల్టర్నేటర్‌ను గట్టిగా తోస్తుంది. అప్పుడు తీగలో కరెంటు పెరిగి, మధ్యలో పోయేదీ మారి, మళ్లీ వెనక్కి లాగుతుంది. ఆ తోపులాటే ముల్లు ఊపు.

ఒక్కో భాగానికీ అటూ ఇటూ మీటరు పెట్టి చూస్తే ముప్పాతిక నష్టం మాస్టర్ స్విచ్‌లోనే. నలభై ఏళ్లుగా వేసి తీసిన స్విచ్, లోపల నల్లగా మాడిపోయింది. మిగతాది బ్రేకర్ వెనుక వదులైన ఒక టెర్మినల్. రెండూ మార్చాం. ముల్లు నిలబడింది. పాత విమానాల్లో కరెంటు సమస్య వస్తే నేను వెతికే వరుస ఒక్కటే: ముందు కనెక్షన్లు, ఎర్త్ తీగలు, తర్వాత స్విచ్‌లు, చిట్టచివర ఖరీదైన పరికరాలు.

అపోహ: మాగ్నెటో పరీక్షలో ఆర్‌పీఎం అసలు పడకపోతే ఇంజన్ భేషుగ్గా ఉన్నట్టే

ఇది ప్రాణాల మీదికి తెచ్చే అపోహ. ఇంజన్‌కు నిప్పురవ్వ అందించే మాగ్నెటోలు రెండుంటాయి. టేకాఫ్‌కు ముందు 1,700 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దగ్గర ఒక్కో మాగ్నెటో మీద నడిపి చూస్తాం. చాలా 172ల పుస్తకంలో 125 కంటే ఎక్కువ పడకూడదని, రెండిటి మధ్య తేడా 50 మించకూడదని ఉంటుంది. తక్కువ పడితే మంచిదే కాబట్టి సున్నా అయితే ఇంకా మంచిదని కొందరనుకుంటారు.

మాగ్నెటోకు బ్యాటరీతో పని లేదు, అది తిరిగితే చాలు నిప్పురవ్వ పుడుతుంది. తాళం చెవి తిప్పి ఆపినప్పుడు దాని కరెంటును ఒక సన్నటి తీగ ద్వారా ఎర్త్‌లోకి మళ్లిస్తాం, అంతే. ఆ తీగ తెగితే తాళం తీసి జేబులో వేసుకున్నా మాగ్నెటో మేలుకునే ఉంటుంది. పరీక్షలో ఆర్‌పీఎం కొంచెం కూడా పడలేదంటే ఆపాననుకున్న మాగ్నెటో ఆగలేదేమోనని మొదట అనుమానించాలి. అలాంటి విమానంలో ప్రొపెల్లర్‌ను చేత్తో జరిపితే ఇంజన్ ఒక్కసారిగా స్టార్టై చేయి తీసుకుపోగలదు.

ప్రొపెల్లర్‌ను ఎప్పుడూ కరెంటు తీగలాగే చూడండి. మీ పిల్లలకు కూడా అదే చెప్పండి.

అపోహ: కార్బ్యురేటర్‌లో మంచు శీతకాలంలోనే పడుతుంది

పెట్రోలు ఆవిరవుతూ, గాలి ఇరుకులోంచి దూసుకెళ్తూ కార్బ్యురేటర్ గొంతులో ఉష్ణోగ్రతను 35 డిగ్రీల సెల్సియస్‌కు పైగా దించేయగలవు. 21 డిగ్రీల కంటే చల్లగా, తేమగా ఉన్న రోజున ప్రమాదం ఎక్కువ. తేమ ఉంటే 38 డిగ్రీల ఎండలోనూ పట్టవచ్చు. ఆర్‌పీఎం నెమ్మదిగా పడిపోతుంటే కార్బ్యురేటర్‌లోకి వేడి గాలి పంపే మీట, కార్బ్యురేటర్ హీట్, పూర్తిగా లాగండి. మంచు కరిగి నీరు ఇంజన్‌లోకి వెళ్లేటప్పుడు అది కాసేపు దగ్గుతూ, వణుకుతూ నడుస్తుంది. చాలామంది భయపడి ఆ క్షణంలో హీట్ మూసేస్తారు. మూయకండి.

అపోహ: మెకానిక్ సంతకం పెట్టాడు, ఇక ఏడాదిదాకా నా పూచీ లేదు

విమానం ఎగరడానికి తగిన స్థితిలో ఉంచే మొదటి బాధ్యత యజమానిదేనని అమెరికా నిబంధనలు సూటిగా చెబుతున్నాయి. నా సంతకం ఆ రోజు నేను చూసిన స్థితికి మాత్రమే. మరోవైపు, యజమాని ఏమీ ముట్టుకోకూడదన్నదీ నిజం కాదు. పైలట్ లైసెన్సు ఉన్న యజమాని తన విమానానికి ఆయిల్, టైర్లు మార్చవచ్చు, స్పార్క్ ప్లగ్గులు శుభ్రం చేయవచ్చు, బ్యాటరీ చూసుకోవచ్చు. చేసినది లాగ్‌బుక్‌లో తేదీతో, లైసెన్సు నంబరుతో రాసి సంతకం పెట్టాలి. మిగతా చాలా పనులు మెకానిక్ పర్యవేక్షణలో చేయవచ్చు. తనిఖీ రోజున సెలవు పెట్టి వచ్చి స్క్రూలు విప్పే యజమానులంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం.

అలా వచ్చినవారికి మొదట సీటు పట్టాలు చూపిస్తాను. సెస్నా సీటును ముందుకు జరిపాక ఒక ఉక్కు పిన్ను అల్యూమినియం పట్టాలోని రంధ్రంలో దిగి ఆపుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ గుండ్రటి రంధ్రం కోడిగుడ్డు ఆకారానికి సాగుతుంది, పిన్ను పైపైనే ఆనుతుంది. టేకాఫ్‌లో ముక్కు లేవగానే సీటు వెనక్కి జారితే, చేతిలో ఉన్న కంట్రోల్‌ను పట్టుకునే పైలట్ వెనక్కి వెళ్తాడు. విమానం ముక్కు ఇంకా పైకి లేస్తుంది. ఇలా ప్రాణాలు పోయాయి కాబట్టే 1987 నుంచి దీని మీద ఏడీ ఉంది, కనీసం ఏటా ఒకసారి కొలవాలి. ఆ కొలత నేను చూసుకుంటాను. ప్రతి టేకాఫ్‌కు ముందు బెల్టు బిగించుకుని, రెండు కాళ్లతో గట్టిగా వెనక్కి తన్ని సీటు నిలిచిందో లేదో చూడాల్సింది మాత్రం మీరే. ఖటక్ అని పిన్ను పడిన చప్పుడు వినిపించినా సరే, తన్ని చూడండి.