ఎకోలో నాలుగు పాయింట్లు తగ్గితే

గుండె జబ్బున్న బిడ్డకు తీసే ఎకోలో, అంటే గుండె అల్ట్రాసౌండ్ స్కానులో, పోయినసారి 38 ఉన్న ఈఎఫ్ ఈసారి 34కి దిగిందంటే తల్లిదండ్రుల ప్రాణం ఉసూరుమంటుంది. ఈఎఫ్, అంటే ఎజెక్షన్ ఫ్రాక్షన్, ఎడమ జఠరికలో (ఒంటికి రక్తం పంపే గుండె గదిలో) నిండిన రక్తంలో ప్రతి స్పందనకూ ఎంత శాతం బయటికి పోతోందో చెప్పే లెక్క. ఆరోగ్యంగా ఉన్న గుండెలో ఇది మామూలుగా 55 పైనే ఉంటుంది. కండరం బలహీనపడి గుండె గది సాగిపోయే డైలేటెడ్ కార్డియోమయోపతిలో పడిపోతుంది. ఆ నాలుగు పాయింట్లూ గుండెలో తగ్గాయా, కొలతలో తగ్గాయా అన్నది వేరే సంగతి.

కొలిచే పద్ధతుల్లో అన్నిటికన్నా తేలికైనది చూద్దాం. జఠరిక నిండినప్పుడు ఒకసారి, ముడుచుకున్నప్పుడు ఒకసారి స్క్రీన్ మీద గోడ నుంచి గోడకు గీత గీస్తారు. మొదటిది 40 మిల్లీమీటర్లు, రెండోది 32 అనుకుందాం. తేడా 8, అంటే 40లో 20 శాతం. దీన్ని షార్టెనింగ్ ఫ్రాక్షన్ అంటారు. అదే బొమ్మ మీద ఇంకొకరు 41, 31 అని గీస్తే 24 దాటుతుంది. 39, 33 అని గీస్తే 15 చిల్లరకు పడుతుంది. కర్సర్ జరిగింది ఒక్క మిల్లీమీటరే! దీన్ని నిర్లక్ష్యం అనలేం. లోపలి అంచు చాలాసార్లు మసకగానే కనిపిస్తుంది మరి.

వ్యాసం నుంచి ఘనపరిమాణం కట్టే సూత్రాలతో చిక్కు ఇంకా ఎక్కువ. వ్యాసాన్ని ఘనం చేస్తారు కాబట్టి 5 శాతం తప్పు దాదాపు 16 శాతం అవుతుంది. పైగా అవి జఠరికది కోడిగుడ్డు ఆకారం అనుకుంటాయి, సాగిన గుండేమో గుండ్రంగా తయారవుతుంది. అందుకే పిల్లల్లో వైశాల్యాన్నీ పొడవునూ కొలిచి, రెండిటి లబ్ధాన్ని ఆరింట ఐదుతో గుణించే పద్ధతి వాడతారు.

ఇక పసిపిల్లలు కదలకుండా ఉండరు. ఏడిస్తే గుండె వేగం మారుతుంది, దాంతో కొలతా మారుతుంది. నిద్రమందు ఇద్దామంటే, జబ్బు గుండె విషయంలో దానికీ ఆచితూచి వ్యవహరించాలి. గుండె సైజును పిల్లల ఒంటి సైజుతో పోల్చి, ఆ ఒంటికి ఉండాల్సిన సగటుకు ఎంత దూరంలో ఉందో చెప్పే జెడ్ స్కోరు కడతారు గనక బరువు తప్పు రాస్తే అదీ తప్పుతుంది.

అమెరికాలో పీడియాట్రిక్ హార్ట్ నెట్‌వర్క్ ఈ జబ్బున్న పిల్లల ఎకోలనే తీసుకుని ఈ తేడాలను పరిశీలించింది. ఒక్క స్పందనతో సరిపెట్టకుండా కొన్నిటిని కొలిచి సగటు తీస్తే ఫలితాలు మెరుగ్గా కలిశాయి. ఒక పద్ధతిలో వచ్చిన అంకెను ఇంకో పద్ధతి అంకెతో పోల్చకూడదనీ తేలింది. నన్నడిగితే రిపోర్టులో అంకె పక్కనే పద్ధతి పేరు కూడా రాయాలి. పాత బొమ్మలను కొత్తవాటి పక్కన పెట్టి ఒకే మనిషి కొలిస్తే ఇంకా మేలు.

అలా చూశాక కూడా 38, 34, 29 అని వరసగా దిగుతూ, పాలు తాగేటప్పుడు బిడ్డకు చెమటలు పట్టి ఆయాసం వస్తుంటే, అది కర్సర్ తప్పు కాదు.