కారు రాత్రంతా ఎక్కడ ఉంటుంది?

పెట్రోలు బంకులో గన్ నుంచి నిమిషానికి సుమారు 35 లీటర్లు ట్యాంకులో పడుతుంది. లీటరు పెట్రోలులో దాదాపు 9 యూనిట్ల శక్తి ఉంటుంది. అంటే ఒక్క నిమిషంలో 300 యూనిట్ల పైమాటే. చాలా ఇళ్లకు అది నెల రోజుల కరెంటు. హైవే మీద కనిపించే 60 కిలోవాట్ల ఎలక్ట్రిక్ కార్ల ఛార్జరు అదే నిమిషంలో ఇచ్చేది ఒక్క యూనిట్.

అయితే పెట్రోలు ఇంజిన్ ఆ శక్తిలో ముప్పాతిక వంతును వేడిగా వదిలేస్తుంది, మోటారు అంత వృథా చేయదు. అందుకని కిలోమీటర్లలో చూస్తే తేడా కొంత తగ్గుతుంది. బంకులో నిమిషానికి 500 కిలోమీటర్లకు సరిపడా పెట్రోలు పడితే, ఆ ఛార్జరు దగ్గర 6 కిలోమీటర్లకు సరిపడా కరెంటు ఎక్కుతుంది. అప్పటికీ తేడా 80 రెట్లు! నిమిషాల లెక్కలో ఎలక్ట్రిక్ కారు గెలవదు. చాలామందికి ఆ గెలుపుతో పని లేదని నా అభిప్రాయం.

అంత ఆలస్యం ఎందుకు? ఛార్జింగ్ అంటే లిథియం అయాన్లు బ్యాటరీలో ఒక వైపు నుంచి బయల్దేరి, అవతలి వైపున్న గ్రాఫైట్ పొరల మధ్యకు చేరడం. ఖాళీ ఆర్టీసీ బస్సు ఎక్కినట్టే ఇదీ. మొదట వచ్చినవాళ్లు గబగబా కూర్చుంటారు, బస్సు నిండేకొద్దీ సీటు వెతుక్కోవాలి, వెనక నుంచి తోస్తే కొందరు ఫుట్‌బోర్డు మీదే ఆగిపోతారు. అలా బయటే ఆగిన లిథియం గ్రాఫైట్ పైన లోహపు పూతలా పేరుకుంటుంది. అందులో కొంత మళ్లీ వాడుకలోకి రాదు. అది సూదుల్లా పెరిగితే బ్యాటరీ లోపలే షార్ట్ సర్క్యూట్ కూడా కావచ్చు. అందుకే బ్యాటరీని కనిపెట్టుకుని ఉండే కంప్యూటర్ నిండేకొద్దీ కరెంటు తగ్గిస్తుంది. కంపెనీలు ‘10 నుంచి 80 శాతానికి ఇన్ని నిమిషాలు’ అని మాత్రమే చెప్పడానికి కారణం ఇదే. చివరి 20 శాతం కోసం హైవే మీద కాచుకుని కూర్చోవడం దండగ.

వేగం పెరుగుతోంది, కాదనను. 800 వోల్టుల హ్యుందాయ్ అయానిక్ 5, తగిన ఛార్జరు దొరికితే 10 నుంచి 80 శాతానికి 18 నిమిషాల్లో చేరుతుంది. 2025 మార్చిలో చైనా కంపెనీ బీవైడీ 1,000 కిలోవాట్ల ఛార్జరు చూపించి, 5 నిమిషాల్లో 400 కిలోమీటర్లకు సరిపడా ఎక్కిస్తామంది. కానీ ఒక్క కారుకే మెగావాట్ అంటే, దాని వెనక అంత కరెంటు తెచ్చే లైను, ట్రాన్స్‌ఫార్మర్ కూడా ఉండాలి.

మన రోడ్ల మీద పరిస్థితి వేరు. హైదరాబాద్ నుంచి విజయవాడ సుమారు 275 కిలోమీటర్లు. 45 యూనిట్ల బ్యాటరీ నింపుకుని, ఏసీ వేసుకుని, వందకు తగ్గకుండా వెళ్తే సూర్యాపేటలోనో కోదాడలోనో ఒకసారి ఆగడం మంచిది. 10 నుంచి 80 శాతానికి 40 నిమిషాలు. టిఫిను, కాఫీలతో అది గడిచిపోతుంది. ఇబ్బందల్లా క్యూతోనే. రెండు గన్‌లున్న చాలా ఛార్జర్లలో పక్కన ఇంకో కారు వచ్చి తగిలించిందంటే కరెంటు చెరి సగమై, 40 నిమిషాలు కాస్తా గంట దాటుతాయి. సంక్రాంతికి పంతంగి టోల్‌గేటు దగ్గర కార్లు బారులు తీరే రోజుల్లో ముందు నలుగురుంటే బంకులో పావుగంట పడుతుంది, ఛార్జరు దగ్గర పూట పోతుంది. ఇలాంటి దూర ప్రయాణాలే ఎక్కువ చేసేవాళ్లకు నేను పెట్రోలు కారే కొనమంటాను.

రోజూ ఆఫీసుకు 40 కిలోమీటర్లు తిరిగేవాళ్ల సంగతి పూర్తిగా వేరు. ఇంట్లో గీజరుకు వాడే 15 ఆంపియర్ల ప్లగ్ గంటకు 3 యూనిట్లకు పైగా ఇస్తుంది, అంటే దాదాపు 20 కిలోమీటర్లు. పడుకునే ముందు తగిలిస్తే రెండు, రెండున్నర గంటల్లో ఆ రోజు వాడిన ఛార్జి మళ్లీ నిండుతుంది. మనిషి వెచ్చించేది తగిలించే పది సెకన్లే. బంకుకు వెళ్లే పనే ఉండదు.

అది సొంత ఇల్లున్నవాళ్ల సుఖం. అపార్ట్‌మెంటులో ఫ్లాటు మూడో అంతస్తులో, మీటరు కింద గదిలో, కారు సెల్లార్లో ఓ మూల ఉంటాయి. మీటరు నుంచి ఆ మూలకు విడిగా కేబులు లాగి, ఎంసీబీ (లోడ్ ఎక్కువైతే కరెంటు దానంతటదే ఆపేసే స్విచ్) పెట్టి, ఎర్తింగ్ సరిచూడాలి. పని ఒక్క రోజుదే, అసోసియేషన్ ఒప్పుకోవడానికి నెలలు పడుతుంది. ఇంటి కనెక్షన్ నుంచే కారు ఛార్జ్ చేసుకోవచ్చని కేంద్ర విద్యుత్ శాఖ 2022 మార్గదర్శకాల్లోనే ఉంది. కొత్త భవనాల పార్కింగులో 20 శాతానికి ఛార్జింగ్ ఏర్పాటు ఉండాలని 2019లో నమూనా భవన నిబంధనల్లో చేర్చారు. పాత భవనాలకు మాత్రం అసోసియేషన్ మాటే శాసనం.

వాళ్ల భయం ‘లోడ్ తట్టుకోదు’ అని. అది ఉత్త సాకేమీ కాదు. 20 కార్లు రాత్రి పదింటికి ఒకేసారి తగిలిస్తే కారుకు 3.3 చొప్పున 66 కిలోవాట్లు అవుతుంది, పైగా అది ఇళ్లలో ఏసీలు నడిచే వేళ. కానీ కారుకు 8 యూనిట్ల చొప్పున మొత్తం కావలసింది 160 యూనిట్లే. వంతులవారీగా తెల్లారేలోపు 8 గంటల మీద సర్దితే లోడ్ 20 కిలోవాట్లకు దిగుతుంది. అలా వంతులు వేసే ఛార్జర్లు ఇప్పటికే ఉన్నాయి. వచ్చే మీటింగులో అసోసియేషన్ ముందు పెట్టాల్సింది ఈ లెక్కే.