ఇరవై అయిదుకి ఎన్ని?

2021 మేలో, కోవిడ్ రోజుల్లో, చెన్నైలోని మనవాళ్ల ఇళ్లలో ఫోన్ ఎత్తగానే "స్కోరెంత?" అని అడిగేవాళ్లు, పదో తరగతి మార్కులు అడిగినట్టు. విల్లివాక్కంలో ఉండే మా బాబాయికి జ్వరం మొదలైన మూడో రోజే ఛాతీ సీటీ స్కాన్ తీయించాం. ఊపిరితిత్తులు ఎంత పాడయ్యాయో చెప్పే స్కోరు 25కి 4. "నాలుగే కదా" అనుకుని ఆ రాత్రి హాయిగా పడుకున్నాం. తొమ్మిదో రోజుకి ఆక్సిజన్ 90కి దిగింది. మళ్లీ తీస్తే 14.

అసలు ఈ 25 ఎక్కడిది? సార్స్ అనే ఊపిరితిత్తుల జబ్బు నుంచి కోలుకున్నవాళ్ల ఊపిరితిత్తుల్లో ఇంకా ఎంత దెబ్బ మిగిలిందో కొలవడానికి తైవాన్ డాక్టర్లు 2005లో ప్రచురించిన లెక్క అది. ఊపిరితిత్తిలోని భాగాల్ని లోబ్‌లంటారు: కుడివైపు మూడు, ఎడమవైపు రెండు, ఒక్కోదానికి 5 మార్కులు. లోబ్‌లో 5 శాతం లోపు పాడైతే 1, 75 శాతం దాటితే 5. కుడివైపు మధ్య లోబ్ చిన్నది, అయినా దానికీ కింది లోబ్‌తో సమానంగా అయిదే. పాడైన చోటు సీటీలో బాత్రూం కిటికీ గాజులా మసగ్గా కనిపిస్తుంది.

2020 ఫిబ్రవరిలో వుహాన్ డాక్టర్లు ఈ లెక్కనే కోవిడ్‌కి వాడారు. చూసింది 21 మందినే, అదీ ఊపిరాడని స్థితికి చేరనివాళ్లను. వాళ్లలో మసక బాగా ముదిరింది లక్షణాలు మొదలైన సుమారు పదో రోజున. స్కోరు పెరిగేకొద్దీ ముప్పు పెరుగుతుందని ఆ తర్వాత చాలా పరిశోధనల్లో తేలింది, నిజమే. కానీ ఏ రోజు తీసిన స్కోరు? మా ఇంట్లో ఎవరికీ తట్టని ప్రశ్న అదే. ఇటలీలోని బ్రెషా డాక్టర్లైతే సీటీ జోలికి పోకుండా మామూలు ఎక్స్‌రే మీదే 18కి మార్కులు వేశారు.

చెన్నై సెంట్రల్ స్టేషన్ ఎదుట జనరల్ ఆస్పత్రిలో ఎక్స్‌రేలు, స్కాన్లు తీసే బార్నార్డ్ రేడియాలజీ ఇన్‌స్టిట్యూట్ 1934 నుంచీ ఉంది. నెల్లూరు నుంచి రైల్లో వచ్చి, ఎక్స్‌రే ఫిల్మ్ కవరు చంకలో పెట్టుకుని ఆ రోడ్డు దాటినవాళ్లు మా వంశంలోనే ఉన్నారు. ఆ ఫిల్మ్‌ల మీద మార్కులుండేవి కావు.

2021 మే 3న అప్పటి ఎయిమ్స్ డైరెక్టర్ రణదీప్ గులేరియా, ఆక్సిజన్ బాగున్నవాళ్లకు సీటీ అక్కర్లేదని, అది చూసి ముందే స్టెరాయిడ్లు మొదలెట్టొద్దని చెప్పారు. రేడియేషన్‌లో ఒక సీటీ 300-400 ఎక్స్‌రేలతో సమానం అని కూడా అన్నారు. అది పాతకాలపు లెక్క అని రేడియాలజిస్టుల (స్కాన్లు చదివే డాక్టర్ల) సంఘం మండిపడింది. పేపర్లలో గొడవంతా రేడియేషన్ మీదికే పోయింది.

బాబాయి కోలుకున్నాడు. ఆ మొదటి కవరు ఇంకా బీరువా మీదే ఉంది. దాని మూల మీద స్కాన్ సెంటర్ అమ్మాయి పెన్నుతో రాసింది: "జ్వరం – 3వ రోజు".