బ్యాంకు పలకకపోతే ఇల్లు పోయినట్టేనా? అపోహలు - వాస్తవాలు

విజయనగరంలో బ్యాంకు బకాయిల కేసులు చూసే లాయర్ని. ఇల్లు తాకట్టు పెట్టి తీసుకున్న లోను వాయిదాలు తప్పి, బ్యాంకు నోటీసు అందుకున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. చీపురుపల్లి, రాజాం, బొబ్బిలి నుంచి వచ్చేవాళ్లు ముందుగా చెప్పే మాట ఒకటే: "బ్రాంచికి పదిసార్లు తిరిగాం బాబూ, ఎవరూ పలకలేదు." తిరిగినట్టు ఒక్క కాగితం ఉందా అంటే ఉండదు. నాకు బాధ కలిగేది అక్కడే.

అపోహ: నోటీసు తీసుకోకపోతే బ్యాంకు ఏమీ చేయలేదు.

తిప్పి పంపితే దాన్ని మీ తలుపుకే అంటించి, పేపర్లో వేస్తారు. గడువు ఆగదు. నోటీసు తీసుకోండి, కవరు కూడా దాచుకోండి.

అపోహ: మూడు వాయిదాలు తప్పితే మర్నాడే తాళం వేస్తారు.

వాయిదా బాకీ 90 రోజులు దాటితే ఖాతా మొండి బకాయి అవుతుంది. కోర్టుకు వెళ్లకుండానే తాకట్టు ఆస్తిని స్వాధీనం చేసుకుని అమ్మే వీలు బ్యాంకుకు ఇచ్చేది 2002 నాటి సర్ఫేసీ చట్టం. దాని కింద ముందు 60 రోజుల గడువుతో, బాకీ కట్టమని డిమాండు నోటీసు ఇవ్వాలి. టెన్షన్‌తో చాలామంది ఈ 60 రోజులూ ఊరికే పోగొట్టుకుంటారు.

అపోహ: మేనేజరు జవాబివ్వకపోతే ఇక దారి లేదు.

ఉంది. ఆ నోటీసు కింద సంతకం చేసిన ఆథరైజ్డ్ ఆఫీసరుకే మీ అభ్యంతరం రాసి పంపండి. దాన్ని ఒప్పుకోకపోతే, ఎందుకు ఒప్పుకోలేదో 15 రోజుల్లో కారణాలతో చెప్పాలని అదే చట్టంలోని సెక్షన్ 13(3ఎ) అంటుంది. వాయిదాలు ఎందుకు తప్పాయో, ఇప్పుడు ఎంత కట్టగలరో రాయండి. గడువు పొడిగించమనో, వన్ టైమ్ సెటిల్‌మెంట్ (కొంత తగ్గించిన మొత్తం కట్టి అప్పు ముగించుకునే ఒప్పందం) ఇమ్మనో అడగండి. లోను స్టేట్‌మెంట్ కూడా అడగండి. జూట్ మిల్లులో పనిచేసిన ఒక పెద్దాయన గడువుకు వారం ముందు నా దగ్గరికి వచ్చారు. ఆయన కట్టిన రెండు వాయిదాలు జమ కాలేదని స్టేట్‌మెంట్ చూశాకే తెలిసింది. స్వయంగా ఇస్తే రెండో కాపీ మీద సీలు వేయించుకోండి. స్పీడ్ పోస్టులో పంపితే రశీదు దాచండి.

బ్యాంకుకు రాసిన ఫిర్యాదుకు 30 రోజుల్లో జవాబు రాకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ దగ్గరికి వెళ్లొచ్చు, ఫీజు లేదు. అయితే ఆ ఫిర్యాదుతోనే వేలం ఆగదు. సెటిల్‌మెంట్ కూడా మీ హక్కు కాదని సుప్రీంకోర్టు 2021లో చెప్పింది. అడగడం మాత్రం మానొద్దు.

అపోహ: ఇక్కడి సివిల్ కోర్టులో స్టే తెచ్చుకోవచ్చు.

ఈ మాట నమ్మి నెలలు పోగొట్టుకున్నవాళ్లను చూశాను. ఈ చర్యల మీద సివిల్ కోర్టుకు సాధారణంగా అధికారం లేదు. బ్యాంకు ఇంటిని స్వాధీనంలోకి తీసుకున్నట్టు నోటీసు అంటించాక 45 రోజుల్లో విశాఖపట్నంలోని రుణ వసూలు ట్రిబ్యునల్‌కు వెళ్లాలి. మీరు ఇంకా ఆ ఇంట్లోనే ఉన్నా లెక్క మొదలైనట్టే.

అపోహ: వేలం రోజు డబ్బు పట్టుకెళ్తే సరిపోతుంది.

సర్ఫేసీ చట్టానికి 2016లో చేసిన సవరణ తర్వాత, మొత్తం బకాయి ఖర్చులతో సహా కట్టి ఇల్లు విడిపించుకునే హక్కు వేలం ప్రకటన వెలువడే వరకే. కట్టలేమని తేలితే, ప్రకటన రాకముందే బ్యాంకు రాతపూర్వక అనుమతితో మీరే కొనేవాళ్లను వెతుక్కోండి. తొందర అమ్మకంలో పలికే ధర కంటే మంచి ధర రావచ్చు. వేలమే జరిగితే అప్పు, ఖర్చులు పోగా మిగిలింది మీ సొమ్మే, లెక్క రాతపూర్వకంగా అడగండి. చాలకపోతే మాత్రం ఆ బాకీ మీ మీదే ఉంటుంది.