బరువుండదు కాబట్టి తేలికేనా? అంతరిక్షంలో కట్టే రోబోలపై అపోహలు - వాస్తవాలు

రోబో చేతులకు కంట్రోల్ సాఫ్ట్‌వేర్ రాయడం నా పని. ఊరు ఒంగోలు. శ్రీహరికోట నుంచి రాకెట్ లేచిన ప్రతిసారీ చుట్టాలూ, కాలేజీ పిల్లలూ నన్ను అడిగేవి ఇవే.

అపోహ: "అక్కడ బరువుండదు కదా సార్, ఎంత పెద్ద ముక్కనైనా రోబో ఇట్టే బిగించేస్తుంది."

వాస్తవం: బరువుండదు గానీ ద్రవ్యరాశి ఎక్కడికీ పోదు. చీమకుర్తి క్వారీలో క్రేన్‌కి వేలాడే గ్రానైట్ దిమ్మెను చూసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. బరువంతా క్రేనే మోస్తోంది కదా అని ఊగే దిమ్మెకు ఎవరూ చెయ్యి అడ్డం పెట్టరు. పైగా అంతరిక్షంలో రోబోకి కాలూనే నేల లేదు. ల్యాబ్‌లో నున్నటి బల్ల మీద, పలచని గాలి పొరపై తేలే రోబోతో దీన్ని పరీక్షిస్తాం. మోచేతి కీలు కాస్త తిప్పితే చాలు, కింది పీఠమంతా ఎదురు దిక్కుకు తిరుగుతుంది. అందుకోబోయిన బోల్టు దూరమైపోతుంది. తాకే క్షణమే అసలు గండం. కాస్త గట్టిగా తగిలినా రెండూ చెరో వైపుకు పోతాయి. 2025 జనవరి 16న ఇస్రో స్పేడెక్స్ జంట ఉపగ్రహాలను కక్ష్యలో ఒకదానికొకటి కలిపేటప్పుడు చివర్లో నత్తనడకన దగ్గరికి చేర్చింది అందుకే.

అపోహ: అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రాన్ని రోబోలే కట్టాయి.

వాస్తవం: 1998లో ఆ నిర్మాణం మొదలైంది. కెనడా ఇచ్చిన 17 మీటర్ల పైచిలుకు చెయ్యి చాలానే మోసింది, నిజమే. దాన్ని నడిపింది మాత్రం మనుషులు. బిగింపుల కోసం వ్యోమగాములు ఎన్నోసార్లు బయటికి రావలసి వచ్చింది.

అపోహ: మంచి ఏఐ ఉంటే చాలు, మిగతాదంతా అదే చూసుకుంటుంది.

వాస్తవం: నన్నడిగితే సగం తెలివి కట్టే ముక్కలోనే ఉండాలి. రోబోలే కట్టడాలు కట్టేలా చూసే నాసా అర్మాడాస్ ప్రాజెక్టు ఇందుకు మంచి ఉదాహరణ. అన్నీ ఒకే కొలత జాలీ ముక్కలు. ఒక రోబో మోసుకొస్తే ఇంకోటి బిగిస్తుంది. కట్టిన జాలీ మీదే పాకుతాయి కాబట్టి ఎన్ని గళ్లు దాటిందో తెలిస్తే ఎక్కడుందో తెలిసినట్టే. ఇదంతా ఇప్పటికి భూమ్మీది ల్యాబ్‌లోనే జరిగింది.

అపోహ: మడిచి పంపితే సరిపోదా?

వాస్తవం: జేమ్స్ వెబ్ అంతరిక్ష టెలిస్కోప్ అద్దాన్ని అలాగే పంపారు, 6.5 మీటర్లు. వందల మీటర్ల కట్టడం ఏ రాకెట్ ముక్కులోనూ పట్టదు.

అపోహ: ఇవి మనవల్ల అయ్యేవి కావు.

వాస్తవం: స్పేడెక్స్‌ను మోసిన పీఎస్ఎల్వీ-సీ60 రాకెట్ చివరి దశ మీదే ఇస్రో 'నడిచే చెయ్యి'ని పరీక్షించింది. 7 కీళ్లు. ఒక కొస పట్టుకుని రెండో కొస ముందుకేస్తుంది. 2035 నాటికి భారతీయ అంతరిక్ష కేంద్రం నిలబడాలంటే బయటి పనులకు ఇలాంటిదే కావాలి.